వెనక బంపర్ మీద గీతలు: ఏది ఆపుతుంది, ఏది ఆపదు

కారు డిక్కీ తెరిచి చూస్తే, తాళం పడే చోటికి సరిగ్గా కింద, బంపర్ పైభాగాన అరచేయి పట్టేంత వెడల్పున సమతలమైన అంచు ఒకటి ఉంటుంది. కొన్నేళ్లు వాడిన ఏ కారునైనా తీసుకుని, వెలుతురుకు ఏటవాలుగా వంగి ఆ అంచును పరిశీలిస్తే, లోపలి నుంచి బయటికి సాగిన సన్నని గీతలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి బూడిదరంగు చారలా కనిపిస్తాయి. అదే బంపర్ మూలల దగ్గరికి వస్తే గీతలు తక్కువగానే ఉంటాయి గాని, అడ్డంగా, లోతుగా, ఒక్కోసారి వేరే రంగు అంటుకుని ఉంటాయి. నంబర్ ప్లేటు చుట్టుపక్కల మాత్రం నేరుగా ఎండ పడినప్పుడు తప్ప కంటికి ఆనని సాలెగూడు వంటి వలయాలు ఉంటాయి. ఒకే భాగం మీద కనిపించే ఈ మూడు రకాల గీతలకు కారణాలు వేరు, లోతులు వేరు, ఆపే ఉపాయాలూ వేరు. అమ్మకానికి వచ్చే రక్షణ సాధనాల్లో చాలావరకు మూడింటికీ తామే మందు అన్నట్లు చెప్పుకుంటాయి. కొనేవారి గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మనం బంపర్ అని పిలిచే రంగు వేసిన పైభాగం నిజానికి ఒక తొడుగు మాత్రమే. దాని వెనక దెబ్బను పీల్చుకునే నురుగు దిమ్మె, ఆ దిమ్మె వెనక కారు చట్రానికి బిగించిన ఉక్కు లేదా అల్యూమినియం దూలం ఉంటాయి. తొడుగు మందం సాధారణంగా 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు. ఎప్పుడైనా దాన్ని ఊడదీస్తే లోపలివైపు పోతలోనే అచ్చయిన అక్షరాలు కనిపిస్తాయి. చాలా కార్లలో అవి పీపీ, ఈపీడీఎం, టీ20 వంటి గుర్తులై ఉంటాయి. పీపీ అంటే పాలీప్రొపిలీన్, ఈపీడీఎం అంటే దెబ్బ తగిలినప్పుడు పగలకుండా వంగేందుకు కలిపిన రబ్బరు, టీ20 అంటే బిగువు కోసం కలిపిన 20 శాతం టాల్క్ పొడి. వంగి తిరిగి యథాస్థితికి రావడం ఈ మిశ్రమం సహజ గుణం. దాని మీద వేసిన రంగుకు ఆ గుణం అంతగా లేదు.

ఈ విరోధం చరిత్రలో కొంత ఆలస్యంగా వచ్చి చేరింది. ఒకప్పుడు బంపర్ అంటే క్రోమియం పూత పూసిన ఉక్కు పట్టీ. సొట్ట పడటానికే అది అక్కడ ఉండేది. 1968 నాటి పోంటియాక్ జీటీఓ ముందువైపున కారు రంగులోనే ఉన్న, వంగే గుణం గల బంపర్‌తో వచ్చింది. 1972లో వచ్చిన రెనో 5 ప్లాస్టిక్ బంపర్లను చిన్న కార్లకు పరిచయం చేసింది, అయితే వాటికి రంగు వేయలేదు. ఆ దశాబ్దంలోనే అమెరికా బంపర్లకు ప్రమాణాలు విధించడం మొదలుపెట్టి, గంటకు 5 మైళ్ల వేగంతో తగిలినా తట్టుకోవాలనే వరకు వెళ్లి, 1982లో ఆ వేగాన్ని 2.5 మైళ్లకు తగ్గించింది. ఐక్యరాజ్యసమితి 42వ నిబంధనలో పరీక్ష వేగం గంటకు 4 కిలోమీటర్లు, మూలల దగ్గర 2.5 కిలోమీటర్లు; దెబ్బ తగిలాక లైట్లు వెలగాలి, తలుపులు తెరుచుకోవాలి అన్నవే దాని పట్టింపులు. రంగు చెక్కుచెదరకూడదని ఆ నిబంధన ఎక్కడా అడగదు. అంటే దెబ్బలు తినడానికి పుట్టిన భాగానికి తర్వాత అలంకారం తొడిగారు గాని, ఆ అలంకారాన్ని కాపాడే బాధ్యతను ఎవరూ తీసుకోలేదు. అది యజమాని మీదే పడింది.

ఆ రంగు ఎంత పలుచనో తెలిస్తే తక్కిన విషయమంతా తేలిగ్గా అర్థమవుతుంది. ప్లాస్టిక్‌కు అంటుకునే ప్రైమర్, దాని మీద 15–20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అసలు రంగు, ఆపైన 40–50 మైక్రాన్ల పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కంటికి మెరుపుగా కనిపించే పొర మొత్తం ఒక వెంట్రుకంత కూడా లేదన్నమాట. పైగా పాలీప్రొపిలీన్ దేన్నీ సులువుగా అంటనివ్వదు. కర్మాగారంలో దాని ఉపరితలాన్ని మంటతో క్షణకాలం తాకించో, అతుకుదలను పెంచే ప్రత్యేక పూత వేసో రంగుకు సిద్ధం చేస్తారు. లోహపు బాడీని ఆరబెట్టే దాదాపు 140 డిగ్రీల వేడిని ప్లాస్టిక్ ఓర్చుకోలేదు కాబట్టి, బంపర్లకు విడిగా, 80 డిగ్రీల ప్రాంతంలో ఆరే రంగులు వాడతారు. కొత్త కారులో సైతం బంపర్ రంగూ పక్క రేకు రంగూ వెలుతురులో ఒక్కోసారి కాస్త తేడాగా ఉండటానికి ఒక కారణం ఇదే.

ఇందులో యజమానికి కలిసొచ్చే అంశం ఒకటుంది. ప్లాస్టిక్ తుప్పు పట్టదు. తలుపు రేకు మీద ఉక్కు కనిపించేంత లోతున గీత పడితే వెంటనే చూసుకోవాలి గాని, బంపర్ మీద అదే లోతు గీత నెలలు గడిచినా లోపల ఏమీ తినేయదు. అయితే ప్లాస్టిక్‌ను రంగు పట్టుకున్న పట్టు బలహీనం కాబట్టి, గీత అంచు దగ్గర అది లేస్తుంది. అలా లేచిన అంచు మీద ప్రెషర్ వాషర్ గొట్టాన్ని దగ్గరగా పెట్టి కొడితే, గోరంత గీత అరచేతి వెడల్పు పొలుసుగా ఊడిపోవడం నేను కళ్లారా చూశాను. నీటి గొట్టం కనీసం ఒక అడుగు దూరంలో ఉండాలనే నియమం అన్ని భాగాలకూ వర్తించినా, గీత పడిన బంపర్ దగ్గర దాన్ని అసలు మీరకూడదు.

ఇక సాలెగూడు గీతల సంగతి. ఇవి ఏదో తగిలితే పడేవి కావు, మనం తుడిస్తే పడేవి. కారు వేగంగా పోతున్నప్పుడు దాని వెనక ఏర్పడే అల్పపీడనం, సుడులు చక్రాలు లేపిన దుమ్మును తిరిగి వెనకభాగానికే తెచ్చి అంటిస్తాయి. నిటారుగా తెగినట్లుండే వెనకభాగం గల కార్లలో ఇది మరీ ఎక్కువ. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది, ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కాఠిన్య కొలమానంలో క్వార్ట్జ్ స్థానం 7. క్లియర్ కోట్ ఒక ప్లాస్టిక్ పొర, క్వార్ట్జ్ ముందు అది మెత్తన. పొడి గుడ్డతో ఒక్కసారి దులిపితే ఆ రేణువులను రంగు మీద అదిమి ఈడ్చినట్లే. ఉప్పుకాగితంతో రుద్దడానికీ దీనికీ తేడా ఎంత రాపిడి అన్నదే తప్ప మరొకటి కాదు. డిక్కీలో సామాను సర్దేటప్పుడు దుమ్ము పట్టిన బంపర్‌కు ప్యాంటు ఆనించి నిలబడటం కూడా ఇదే కోవకు వస్తుంది. జీన్సు రివెట్లు, బెల్టు బకిల్ అదనం.

దీనికి విరుగుడు ఏ డబ్బాలోనూ లేదు, కడిగే పద్ధతిలో ఉంది. ముందు ధారాళమైన నీటితో వదులు దుమ్మును పోగొట్టాలి, తర్వాత షాంపూ నురుగును కాసేపు నాననివ్వాలి, ఆ తర్వాతే గుడ్డ తాకాలి. పైనుంచి కిందికి కడుగుతూ వచ్చి, బంపర్ కింది భాగాన్ని అన్నిటికంటే చివర, దానికంటూ కేటాయించిన మరో మైక్రోఫైబర్ గుడ్డతో కడగాలి. గుడ్డను జాడించే బకెట్టు, షాంపూ నీళ్ల బకెట్టు వేర్వేరుగా ఉండాలి. కారు కడగడానికి తీరిక లేని రోజున దుమ్మును అలా వదిలేయడమే మేలు. దుమ్ము రంగుకు హాని చేయదు, దాన్ని తుడిచే చెయ్యి చేస్తుంది.

ఈ దశలోనే చాలామంది రంగు మీద పలుచగా పూసే సిరామిక్ కోటింగ్ వైపు మొగ్గు చూపుతారు. దాని ప్రచారంలో తప్పకుండా కనిపించే మాట 9హెచ్. 9 అనగానే మోస్ కొలమానంలో కురువిందం స్థానం గుర్తొచ్చి, వజ్రానికి ఒక్క మెట్టు కింద ఉన్న కాఠిన్యం దక్కుతుందన్న భ్రమ కలుగుతుంది. ఆ హెచ్ మోస్‌ది కాదు, పెన్సిల్‌ది. బొమ్మలు గీసే పెన్సిళ్లను మెత్తని దాని నుంచి గట్టి దాని వరకు వరసగా తీసుకుని, 45 డిగ్రీల వాలులో, నిర్ణీత బరువుతో పూత మీద నెట్టి, ఏ పెన్సిల్ దగ్గర పూత గీరుకుందో చూసే పరీక్ష ఒకటి ఉంది. ఆ వరసలో ఆఖరి పెన్సిల్ 9హెచ్. అది కూడా బంకమట్టి, గ్రాఫైట్ కలిపి కాల్చిన ములికే. కాబట్టి 9హెచ్ అంటే పెన్సిల్‌కు లొంగదని చెప్పడమే, ఇసుకకు లొంగదని కాదు. అదీగాక ఆ కోటింగ్ మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లు మాత్రమే. డిక్కీలోంచి దించే సామాను పెట్టె చక్రం ఈడ్చుకుపోయే లోతు ముందు అది లెక్కలోకే రాదు. అలాగని దాన్ని వృథా అనలేం. నీరు, బురద నిలవకుండా జారిపోతాయి, కడిగేటప్పుడు రుద్దవలసిన అవసరం తగ్గుతుంది, ఆ మేరకు సాలెగూడు గీతలూ తగ్గుతాయి. దాని మేలు అంతవరకే.

గీతను నిజంగా తన మీద వేసుకునేది ఫిల్మ్. పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, పీపీఎఫ్ అన్న పేర్లతో దొరికే ఈ పారదర్శకమైన పొరకు మూలం హెలికాప్టర్ రెక్కల అంచులను ఇసుక కోత నుంచి కాపాడేందుకు వాడిన పాలీయురెథేన్ టేపులు. ఇప్పటి మంచి ఫిల్ములు థర్మోప్లాస్టిక్ పాలీయురెథేన్‌తో, 150 నుంచి 200 మైక్రాన్ల మందంతో ఉంటాయి. అంటే క్లియర్ కోట్‌కు మూడు నాలుగు రెట్లు. మందం కంటే ముఖ్యమైనది దాని సాగే గుణం. పెట్టె మూల తగిలినప్పుడు క్లియర్ కోట్ తెగుతుంది, ఫిల్మ్ మాత్రం అణగి మళ్లీ లేస్తుంది. పైపొర మీద పడ్డ సన్నని గీతలు ఎండకో గోరువెచ్చని నీటికో మాయమవుతాయని చెప్పేది నిజమే. పొరను కోసుకుంటూ పోయిన గీత మాత్రం ఎన్ని ఎండలు కాసినా మాయం కాదు. ఇదే పేరుతో తక్కువ ధరకు అమ్మే పీవీసీ ఫిల్ములు కాలక్రమేణా పసుపుబారి, బిరుసెక్కి, ఒలిచేటప్పుడు ముక్కలుముక్కలుగా వస్తాయి. కొనేముందు పదార్థం పేరు అడగడం మంచిది.

బంపర్ మొత్తానికి ఫిల్మ్ వేయించాలా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. నా అభిప్రాయంలో సామాను తగిలే పైఅంచుకు వేస్తే వచ్చే ప్రయోజనం, మిగిలిన భాగమంతటికీ వేస్తే వచ్చే ప్రయోజనం కంటే ఎక్కువ. ఆ అంచు దాదాపు సమతలం కాబట్టి ఫిల్మ్‌ను లాగి సాగదీయనక్కర్లేదు, అంచులు సులువుగా లేవవు, కాస్త ఓపిక ఉంటే సొంతంగానే అతికించుకోవచ్చు. కొలతకు కత్తిరించిన ముక్క మూలలను గుండ్రంగా చేయాలి. సూటి మూల అన్నిటికంటే ముందు లేచి దుమ్ము పట్టుకుంటుంది. బంపర్‌ను షాంపూతోనూ, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ శుభ్రం చేసి, రెండు చుక్కల షాంపూ కలిపిన నీటిని ఉపరితలం మీదా, ఫిల్మ్ జిగురు వైపునా చల్లి, ముక్కను జరుపుకుంటూ స్థానంలో పెట్టి, మధ్య నుంచి అంచులకు రబ్బరు పలకతో నీటిని తోసేయాలి. లోపల ఒక్క ఇసుక రేణువు మిగిలినా అది మొటిమలా కనిపిస్తూనే ఉంటుంది. తిరిగి రంగు వేయించిన బంపర్ అయితే కొన్ని వారాలు ఆగాలి. కొత్త రంగులోని ద్రావకాలు బయటికి పోకముందే పైన మూత వేస్తే బుడగలు వస్తాయి. అలా రంగు వేసినచోట పట్టు సరిగా లేకపోతే, ఏళ్ల తర్వాత ఫిల్మ్‌ను ఒలిచినప్పుడు దానితోపాటు రంగూ ఊడి రావచ్చు.

ఇదే అంచు కోసం స్టీలువి, గట్టి ప్లాస్టిక్‌వి, రబ్బరువి పట్టీలు కూడా దొరుకుతాయి. బరువైన సామాను రోజూ ఎత్తిదించేవారికి ఇవి ఫిల్మ్ కంటే ఎక్కువ తట్టుకుంటాయన్నది కాదనలేం. వాటి లోపం పట్టీ కింద ఉంటుంది. రెండువైపులా జిగురున్న నురుగు టేపుతో అతికించిన పట్టీకీ రంగుకూ మధ్య సన్నని సందు మిగులుతుంది. అందులో చేరిన ఇసుక, కారు కదిలినప్పుడల్లా కలిగే అదురుకు రంగును లోలోపలే అరగదీస్తుంది. ఏదైనా రోజు పట్టీ తీస్తే దాని ఆకారంలోనే చుట్టూ మసకబారిన గీత కనబడుతుంది. పట్టీ పెట్టదలిస్తే ముందు ఆ చోట ఫిల్మ్ వేసి, దాని మీద పెట్టడం సరైన వరస. అంతకంటే సులువైన ఉపాయం డిక్కీ చాపకు కుట్టిన మడత గుడ్డ: సామాను దించేటప్పుడు దాన్ని బయటికి వేలాడదీస్తే బంపర్ పైఅంచూ ముఖభాగమూ రెండూ కప్పబడతాయి, పని అయ్యాక లోపలికి మడిచేయవచ్చు. మడిచే అలవాటు మాత్రం ఉండాలి. దాని దుమ్ము వైపు బంపర్‌కు ఆనితే కాపాడవలసిందే గీస్తుంది. చక్రాల పెట్టెను దించేటప్పుడు నిజానికి గీత పడేది ఒక్క క్షణంలోనే, బరువంతా చేతుల్లోకి రాకముందు చక్రాలను అంచు మీద ఆనించి దొర్లించినప్పుడే. పెట్టెను చక్రాలు పైకుండేలా పడుకోబెడితే ఆ క్షణం రాదు.

మూలల గీతలది పూర్తిగా వేరే కథ. అవి మిల్లీమీటర్ల లెక్కలో పడే గీతలు, మైక్రాన్లలో ఉండే ఏ పూతా వాటిని ఆపదు. ఇక్కడ తెలుసుకోవలసింది కారు తిరిగే తీరు. గోడకు బెత్తెడు దూరంలో సమాంతరంగా ఆగి ఉన్న కారును ముందుకు కదుపుతూనే స్టీరింగ్‌ను గోడకు అవతలివైపు పూర్తిగా తిప్పారనుకుందాం. ముందుభాగం గోడకు దూరమవుతుంది, నడిపేవారి కళ్లు కూడా అటే ఉంటాయి. వెనక ఇరుసుకు వెనకగా వేలాడే భాగం మాత్రం తొలి క్షణాల్లో గోడవైపే జరుగుతుంది. చిన్న కార్లలో ఈ జరుగుబాటు కొన్ని సెంటీమీటర్లే, కానీ బెత్తెడు ఎడంలో ఆ కొన్ని సెంటీమీటర్లే మూలను గోడకు రాపించడానికి చాలు. వెనక్కి పోతున్నప్పుడు కాక ముందుకు పోతున్నప్పుడు తగిలిన ఈ గీతను చాలామంది ఇతరుల ఖాతాలో వేస్తారు. పక్కన స్తంభమైతే అది వెనక మూలను దాటేదాకా తిన్నగా పోవాలి. గోడ అయితే స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా తిప్పాలి.

రివర్స్ సెన్సార్ల మీద పెట్టుకున్న నమ్మకానికీ హద్దు ఉండాలి. అవి మన చెవికి అందని శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో లెక్కగడతాయి. సన్నని కడ్డీ తగినంత ప్రతిధ్వనిని ఇవ్వదు, ఏటవాలు ఉపరితలం దాన్ని మరోవైపు మళ్లిస్తుంది, నేలకు దగ్గరగా ఉన్న రాయి శబ్దపు దారికి కిందనే ఉండిపోతుంది. వస్తువు 30 సెంటీమీటర్ల లోపు వచ్చాక చాలా కార్లలో మోత ఆగకుండా మోగుతుంది. అక్కడి నుంచి 25 మిగిలాయా, 5 మిగిలాయా అన్నది అది చెప్పదు. కెమెరా ఆ లోటును మధ్యభాగంలో తీరుస్తుంది గాని, వెడల్పు కటకం మూలలను అసలు కంటే దూరంగా చూపిస్తుంది.

మూలలను కాపాడాలని బంపర్ చుట్టూ స్టీలు గొట్టాలు బిగించేవారూ ఉన్నారు. దీన్ని నేను సమర్థించలేను. తొడుగు వంగి, నురుగు నలిగి, దూలం దెబ్బను పంచుకోవాలన్న ఏర్పాటులో ఆ గొట్టం నేరుగా చట్రానికి దారి చూపిస్తుంది. గీతతో పోవలసినది లోహం వంగేదాకా వెళుతుంది. మరో చిక్కు కొత్తగా వచ్చింది. పక్కనుంచి వచ్చే వాహనాలను గుర్తించే రాడార్లను చాలా కార్లలో వెనక బంపర్ మూలల్లో, తొడుగు లోపలే అమరుస్తున్నారు. 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రాడార్ తరంగం పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు, అంటే దాదాపు బంపర్ తొడుగు మందంతో పోల్చదగినంత. లోహం దాన్ని పూర్తిగా అడ్డుకుంటుంది. మందంగా పెట్టిన పుట్టీ, పొర మీద పొరగా వేసిన లోహపు మెరుపు రంగు కూడా దాని చూపును పక్కకు తిప్పగలవు. అందుకే మూలకు గీత పడినప్పుడు రంగు వేయించే ముందు ఆ కారులో రాడార్ ఎక్కడుందో, అక్కడ ఎంత మరమ్మతుకు అనుమతి ఉందో తయారీదారు సూచనల్లో చూసుకోవాలి. అలంకారంగా అంటించే క్రోమియం ముక్కలకూ ఇదే వర్తిస్తుంది.

ఇంత చేసినా గీత పడుతుంది. అప్పుడు కంగారుపడి రంగుల షాపుకు పరుగెత్తే ముందు ఆ చోటిని నీటితో తడపాలి. తడిసినప్పుడు గీత కనబడకుండా పోతే అది క్లియర్ కోట్‌లోనే ఉందని అర్థం, పాలిష్‌తో పోతుంది. గోరు అడ్డంగా లాగితే అందులో చిక్కుకుంటున్నదీ, అడుగున నల్లగానో బూడిదగానో కనిపిస్తున్నదీ ప్లాస్టిక్ దాకా దిగినట్లు. వేరే రంగు కనిపిస్తే మాత్రం తొందరపడి నిర్ణయానికి రాకూడదు. చాలాసార్లు అది గోడ సున్నమో, అవతలి కారు రంగో పైన అంటుకుని ఉండటమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో మెల్లగా తుడిస్తే, భయంకరంగా కనిపించిన మరకలో ముప్పాతిక భాగం గుడ్డకు వచ్చేయడం మామూలే.

పాలిష్ విషయంలో ఒక హెచ్చరిక. లోహపు రేకు మీద ఎంత రంగు మిగిలిందో అయస్కాంతంతోనో విద్యుత్‌తోనో కొలిచే చిన్న పరికరాలు ప్లాస్టిక్ మీద పనిచేయవు. దానికి అల్ట్రాసౌండ్ రకం కావాలి, అది అందరి దగ్గరా ఉండదు. అంటే బంపర్ మీద యంత్రం తిప్పేవారు మిగిలిన మందం తెలియకుండానే తిప్పుతారు. పైగా ప్లాస్టిక్ వేడిని లాగేసుకోదు కాబట్టి రాపిడి వేడి ఒకేచోట నిలుస్తుంది, బంపర్ మడతల మీద రంగు ముందే పలుచగా ఉంటుంది. పైఅంచు మీది గీతలను ఏటా పాలిష్‌తో పోగొట్టుకుంటూ పోతే కొన్నేళ్లకు అతినీలలోహిత కిరణాలను ఆపే పొరే పోయి, రంగు వెలిసిపోతుంది. ప్లాస్టిక్ కనబడే గీతకు టచప్ చేసుకునేవారు ముందుగా ప్లాస్టిక్ ప్రైమర్ వేయకపోతే ఆ చుక్క రెండు మూడు కడుగుళ్లకు రాలిపోతుంది.

కొన్ని కార్ల బంపర్ కింది సగానికి రంగు వేయకుండా నల్లని గరుకు ప్లాస్టిక్‌నే వదిలేస్తారు. దాన్ని పొదుపని తీసిపారేయడం తొందరపాటు. తయారీదారులు గీతల బెడదను నిజాయితీగా ఒప్పుకున్న చోట్లలో అదొకటి. గరుకుతనం చిన్న గీతలను కలిపేసుకుంటుంది, లోతైనది పడితే లోపలి టాల్క్ బయటపడి తెల్లగా కనిపించినా రంగు పొలుసులు లేవవు. 2014లో వచ్చిన సిట్రోయెన్ సీ4 కాక్టస్ అయితే పక్క తలుపులకు గాలి నింపిన పాలీయురెథేన్ దిండ్లనే తొడిగింది. మిగిలిన కార్ల యజమానులు అదే పదార్థాన్ని పలుచని ముక్కగా కత్తిరించి పైఅంచుకు అంటించుకుంటున్నారు. అది గీతలతో నిండి మసకబారాక హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి, ఒక మూల నుంచి వీలైనంత వెనక్కి మడుస్తూ నిదానంగా ఒలిస్తే, కింద రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది.